నాలుగో గేటు

ట్రాఫిక్ రైల్వే కాలనీ, ఖరగ్‌పూర్
2 నవంబర్ 2025, ఆదివారం

పూజా,

ముందు పాత సంగతి తేల్చుకుందాం. నీకు పదేళ్ళప్పుడు, గోరఖ్‌పూర్ వాళ్ళు మనకంటే పొడుగైన ప్లాట్‌ఫారం కట్టేసుకున్నారని పేపర్లో పడింది. అంతవరకూ లోకంలోకెల్లా పొడుగైన ప్లాట్‌ఫారం మన ఖరగ్‌పూర్‌ది. నేను ఆ పూట అన్నం ముట్టలేదు. నువ్వేమన్నావు? "పోన్లే తాతా, మనకి అంత దూరం నడక తప్పింది" అన్నావు. అని నవ్వినావు. మీ నాన్న మోహనకృష్ణ కూడా నవ్వినాడు. వాడిని ఆ రోజే తిట్టేసినాను గనక వాడితో సరిపోయింది. నిన్ను చిన్నపిల్లవని వదిలేసినాను. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని మోసినాను.

ఇప్పుడు హైదరాబాదు నుంచి ఒక పెట్టె పంపించి, నువ్వూ జెనీ కలిసి ప్లాట్‌ఫారం ఆట చేశారనీ, ఊళ్ళో అందరికంటే ముందు తాతే ఆడాలనీ మీ అమ్మకి ఫోన్లో చెప్పినావట. నా చెవులు రైల్వే వర్క్‌షాపు సుత్తులకే పోయినాయి కాబట్టి కోడలు మీనాకుమారి పలక మీద రాసి చూపించింది. ప్లాట్‌ఫారం అన్న మాట చూసి నేనేమనుకుంటాను? గుంటకి బుద్ధి వచ్చింది, మన ప్లాట్‌ఫారాన్ని ఆటలో పెట్టి తప్పు దిద్దుకుంటోంది అనుకున్నాను. ఉతికిన చొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చున్నాను. పక్కింటి శామ్‌ని కూడా పిలిచినాను. జెనీ వాడి మనవరాలు కదా, వాడికీ హక్కుంది.

మీ అమ్మ వైర్లు తగిలించి, రెండు చేతులతో పట్టుకునే రిమోట్ ఒకటి నా ఒళ్ళో పెట్టింది. తెర మీద ఎర్ర చొక్కా పిల్ల ఒకర్తి. వేలెడంత లేదు. కళ్ళు లేవు, ముక్కు లేదు, మొహానికి గోధుమరంగు చదరాలు నాలుగు. చెట్టూ చదరాలే, మబ్బూ చదరాలే, కుక్క తోక కూడా చదరాలే. మీ నానమ్మ చూసి, "ఒలమ్మ, గళ్ళ తువ్వాల మీద బొమ్మలు నేసినట్టున్నాది" అంది. దాని మాట పెదాలు చూస్తేనే నాకు తెలిసిపోతుంది.

ప్లాట్‌ఫారం ఎక్కడ అని అడిగితే మీ అమ్మ గాల్లో వేలాడుతున్న పలకలు చూపించింది. "ఇవే మావయ్యా. ఒకదాని మీంచి ఒకదాని మీదికి గెంతాల" అని రాసింది.

"దీనికి స్తంభాలేవి? బెంచీ ఏది? చా అమ్మేవోడు ఎక్కడ నిలబడతాడు?" అన్నాను.

శామ్ పొట్ట పట్టుకుని నవ్వి నా చెవిలో నోరు పెట్టి అరిచినాడు. "దాదా, ఇది చా తాగే ప్లాట్‌ఫారం కాదు, నడుం ఇరగ్గొట్టుకునే ప్లాట్‌ఫారం!"

గెంతించినాను. పిల్ల గోతిలో పడింది. పడిన పిల్ల మళ్ళీ మొదట్లో లేచి నిలబడింది. దులుపుకోవడం కూడా లేదు. మళ్ళీ గెంతించినాను, మళ్ళీ పడింది. శామ్ ఇంటికి వెళ్ళిపోయినాడు, మీ అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది, అది మాత్రం పడుతూనే ఉంది, లేస్తూనే ఉంది.

నేను చెప్పేది ఇదీ: ప్లాట్‌ఫారం ఆటలో ప్లాట్‌ఫారం లేదు. కారణమేమిటో రాయి. ఫోన్లో అరవకు. కాగితం మీద రాయి, అక్షరాలు పెద్దవిగా రాయి.

నీ మీద కోపం తీరని తాత,
తవిటయ్య


హైదరాబాదు
8 నవంబర్ 2025

తాతా,

అక్షరాలు ఈ సైజు చాలా?

ఆ రోజు నవ్వినందుకు ఇప్పుడు దండం పెడుతున్నాను. ఇంగ్లీషులో కాలు పెట్టడానికి ఎత్తుగా ఉన్న ఏ పలకనైనా ప్లాట్‌ఫారం అంటారు. అలా పలకల మీద గెంతుతూ పోయే ఆటల్ని ప్లాట్‌ఫారం ఆటలంటారు. నేను పెట్టిన పేరు కాదు. నిన్ను మోసం చెయ్యలేదు.

ఇప్పుడు నా సంగతి. జెనీ, నేను రెండేళ్ళుగా దీని మీదే ఉన్నాం. బొమ్మలు తను వేసింది. ఆ పిల్ల ఎంత ఎత్తు గెంతాలి, పలక ఎప్పుడు విరగాలి, ఏది ఎంత వేగంగా రావాలి అన్నది నా పని. ఇక్కడి కంపెనీ ఒకటి మా ఆటను బయటికి తేవడానికి ఒప్పుకుంది. డిసెంబర్ 15, సోమవారం, పూర్తయిన ఆటను అప్పగించాలి. ఆ తర్వాత మార్చడానికి వీల్లేదు.

గొడవల్లా వేగం దగ్గర. కంపెనీ ఆయన ఇది మరీ వేగంగా ఉంది, ఆడేవాళ్ళు విసిగిపోయి వదిలేస్తారు అంటున్నాడు. జెనీ కూడా తగ్గించేద్దాం అంటోంది. నాకు ప్రాణం ఒప్పడం లేదు తాతా. వేగం తీసేస్తే మిగిలేది బొమ్మలే. ముఖ్యంగా నాలుగో లెవెల్. అక్కడ ఒక వంతెన ఉంది. అది నాకు ఎలా కావాలో అలా రావడానికి ఏడాది పట్టింది.

అందుకని జెనీతో ఒప్పందం చేసుకున్నాను. మా తాత పుట్టి బుద్ధెరిగి ఇలాంటి ఆట ఆడలేదు, మొహమాటానికి అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆయన నాలుగో లెవెల్ దాకా ఆడి బాగుందంటే వేగం ఉంటుంది. బాగులేదంటే తగ్గించేస్తాను, మళ్ళీ మాట్లాడను అన్నాను.

ఆడు తాతా. ఏమనిపిస్తే అది రాయి. నన్ను చూసి మెత్తగా రాయకు.

నీ మాట కోసం కాచుకున్న
పూజ


ట్రాఫిక్, ఖరగ్‌పూర్
14 నవంబర్ 2025

పూజా,

ఉత్తరం అందింది. ఇంగ్లీషు వాళ్ళకి పలక కూడా ప్లాట్‌ఫారమే అయితే అది వాళ్ళ ఖర్మ. లెవెల్ అని ఇంకో మాట రాసినావు. లెవెల్ క్రాసింగ్ ఉన్నచోట గేటు ఉంటుంది. మన ఊరి పూరీ గేట్ దగ్గర పుట్టి పెరిగినవాడికి అది ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి నేను గేటు అనే అంటాను. మూడు గేట్లు దాటినాను. నాలుగో గేటు దగ్గర పడి ఉన్నాను.

మెత్తగా రాయవద్దన్నావు గనక రాస్తున్నాను. నీది మాయదారి ఆట. దొంగ ఆట. మొదటి గేటులో కుక్క తరుముతుంది, దాని కాళ్ళు కనబడవు, అంత జోరు. రెండో గేటులో గోడని తన్ని ఎదురుగోడ మీదికి, దాన్ని తన్ని మళ్ళీ ఈ గోడ మీదికి, అలా పైకి పోవాలి. రెప్ప వేస్తే జారిపోతావు. నేను రెప్ప వెయ్యడం మానుకున్నాను. కళ్ళు మండుతున్నాయి. మూడో గేటులో చేతిలో చిన్న కత్తి ఇచ్చినావు, గబ్బిలాలని కొట్టుకుంటూ పరిగెత్తాలి. నడుస్తూ కొడితే కుదరదు. ఇన్ని దయ్యాల్ని ఎక్కడ పట్టుకొచ్చినావు?

నాలుగో గేటు సంగతి రాయడానికి నా దగ్గర మాటలు తక్కువ. వాన. గూడ్సు బండి నెత్తి మీద ఆ పిల్ల పరిగెడుతుంది. బండి వంతెన ఎక్కుతుంది. వెనకనుంచి వంతెన కూలుకుంటూ వస్తుంది. ఒక్కొక్క పెట్టే నదిలోకి పోతుంది. ఆఖరి పెట్టె కూడా పోతుంది. పిల్ల గాల్లో ఉంటుంది. కింద ఏమీ లేదు. అప్పుడు చీకట్లో ఎక్కడో, ఆ చివర, ఒక పసుపు చదరం. ఒక్కటే. గోరంత. అది రెండవుతుంది, నాలుగవుతుంది, ఇంజనైపోతుంది, మొహం మీదికి వచ్చేస్తుంది. దాని నెత్తి మీదికి గెంతాలని మీ అమ్మ రాసి చూపించింది. నేను గెంతలేదు. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయినాను. పిల్ల చచ్చింది.

ఎన్నిసార్లు పోయినా ఇదే వరస. బండి వంతెన మీదికి రాగానే చేతుల్లో ఒకటే వణుకు. పసుపు చుక్క కనబడగానే వేళ్ళు పని మానేస్తాయి. మీ నానమ్మ జోగమ్మ కంచం పెట్టి, పిలిచి పిలిచి, నా వంతు కూడా తనే తినేసింది. మధ్యలో వచ్చి టీవీకి అడ్డం నిలబడి, "ఏటయ్యా ఆ తిట్లు? ఈదంతా ఇంతన్నాది" అని చేతులు తిప్పింది. నా తిట్లు నాకు వినబడవు కదా, ఎంత గట్టిగా తిడుతున్నానో నాకేం తెలుసు?

ఈ నాలుగో గేటు నన్ను చంపేస్తుంది. ఇలాంటిది కట్టినదాని తెలివి తగలెయ్య. మనుషులు చేసే పనేనా ఇది? నీకు ఇంకే పనీ దొరకలేదా? ఛీ.

ఇంతకంటే రాయను. పెట్టె పిలుస్తోంది.

తవిటయ్య


హైదరాబాదు
21 నవంబర్ 2025

తాతా,

నీ ఉత్తరం చదివాను. జెనీకి కూడా చదివి వినిపించాను.

నిజం చెప్పినందుకు నీకు దండం. ఇక్కడ స్నేహితులందరూ సూపర్, సూపర్ అన్నారు. ఒక్కరూ నీలా చెప్పలేదు. అమ్మని కూడా ఫోన్లో అడిగాను. "మావయ్య పొద్దస్తమానం ఆ ఆటని తిడతానే ఉన్నాడే, అన్నం కూడా సరిగా తినట్లేదు" అంది. నీ చేతులు వణుకుతున్నాయని రాశావు చూడు, అక్కడ నాకు ఏడుపొచ్చింది. ఆట కోసం నిన్ను ఇంత బాధపెట్టానా అనిపించింది.

మాటంటే మాటే. వేగం తగ్గించేశాను. నాలుగో లెవెల్‌లో వంతెన ఇక కూలదు. ఇంజను నిదానంగా వచ్చి, కాస్త దూరంలోనే ఆగి, నువ్వు గెంతేదాకా ఉంటుంది. రిమోట్ అదిరేలా పెట్టిన ఏర్పాటు కూడా తీసేశాను. వణికే చేతులకి అది ఇంకా కష్టం కదా. కొత్త ఆట నెట్‌లో దానంతటదే నీ పెట్టెలోకి వచ్చేస్తుంది, నువ్వేమీ చెయ్యక్కర్లేదు. అప్పగించేది కూడా ఇదే.

జెనీ సంతోషంగా ఉంది. నేను కూడా ఉంటాను, నాలుగు రోజులాగితే. నువ్వు వేళకి తిను.

పూజ


ట్రాఫిక్, ఖరగ్‌పూర్
24 నవంబర్ 2025

పూజా,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. లేకపోతే పోయింది, నా సంగతి విను. నాలుగో గేటు దాటినాను!

నిన్న ఆదివారం. మీ నాన్నకి సెలవు. వాడి కళ్ళెదుటే దాటినాను. పసుపు చుక్క వచ్చింది. దాని మీదే కళ్ళు పెట్టినాను, వెనక వంతెన కూలిందో లేదో కూడా చూడలేదు. చేతుల్లో వణుకు లేదు. కళ్ళు చురుకెక్కినట్టున్నాయి, ఇంజను నాకు నిదానంగా, నీళ్ళలో వస్తున్నట్టు కనబడింది. ఒక్క గెంతు. నెత్తి మీద నిలబడినాను.

మోహనకృష్ణ నా భుజం మీద చెయ్యి వేసినాడు. వాడు నా భుజం మీద చెయ్యి వేసి ఎంత కాలమైందో. బజారుకెళ్ళి రసగుల్లాలు కొనుక్కొచ్చి వీధిలో పంచినాను. మిఠాయి కొట్టు దాదా "మనవరాలి పెళ్ళా?" అని చెయ్యి ఊపి అడిగినాడు. "పెళ్ళి ఎవడిక్కావాలి, నాలుగో గేటు దాటినాను" అన్నాను. అర్థం కాకపోయినా ఠీక్ హై అని తలూపినాడు.

ఒక్కటే అనుమానం. దాటిన తర్వాత ఎందుకో సంతోషం నిలవలేదు. మళ్ళీ ఆడాలని చెయ్యి పోలేదు. తీపి ఎక్కువ తిన్నానేమో.

గెలిచినవాడు,
తవిటయ్య


హైదరాబాదు
28 నవంబర్ 2025

తాతా,

నువ్వు దాటావని చదివి, ఆఫీసులో కుర్చీ ఎక్కి అరిచాను. జెనీ, "చూశావా, తగ్గిస్తే తాతయ్య కూడా గెలిచాడు" అంది. తను చెప్పిందే నిజమైంది. ఇంక నాకు ఏ బాధా లేదు. నిదానం ఆటే 15న ఇచ్చేస్తాం. నీ చేతులు వణకడం మానేశాయని తెలిసి ప్రాణం కుదుటపడింది.

రసగుల్లాలు ఎక్కువ తినకు. సుగరు ఉంది నీకు.

పూజ


ట్రాఫిక్, ఖరగ్‌పూర్
4 డిసెంబర్ 2025, గురువారం

పూజా,

నీ 21వ తేదీ ఉత్తరమూ, 28వ తేదీ ఉత్తరమూ రెండూ నిన్న ఒక్కసారే వచ్చినాయి. మొదటిది ఎవరిదో కట్టలో కలిసి పక్క ఊరు సాలువా దాకా పోయి తిరిగొచ్చిందట. కానీ అవి రాకముందే నాకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందో విను.

నిన్న పొద్దున్న చా కొట్టు దగ్గర నేను నాలుగో గేటు ఎలా దాటినానో చెబుతున్నాను. పదిమంది ఉన్నారు. శామ్ వచ్చినాడు. వాడు ఏది చెప్పినా నా చెవిలో నోరు పెట్టి అరవాలి కదా. అరిచినాడు. "దాదా, మా జెనీ సెప్పినాది, ముసిలోడు ఆడనేక ఏడుస్తన్నాడని పూజ ఆటని నిదానం సేసీసినాదట!" నాకు వినబడింది. నాకు వినబడిందంటే స్టేషన్ దాకా వినబడినట్టే. చా వదిలేసి ఇంటికొచ్చి పెట్టె పెట్టి చూసినాను. వంతెన కూలడం లేదు. ఇంజను దూరంగా నిలబడి ఉంది. నేను రిమోట్ కింద పెట్టి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చినాను. అది అలాగే నిలబడి ఉంది. ముసలాడా, తీరిక చూసుకుని రా, అంటున్నట్టు.

ఆ తర్వాత నీ ఉత్తరాలు వచ్చినాయి. మీ అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చదివినాను. పూజా, నువ్వు ఎవరి ఇంట్లో పెరిగినావు?

మీ నాన్న పుట్టిన రోజు ఆస్పత్రిలో గుడ్డ తీసి చూసి నేనన్న మొదటి మాట, "ఛీ, కోతిపిల్ల" అని. బెంగాలీ నర్సు దీదీ నన్ను కసిరింది. మీ నానమ్మ మాత్రం పక్క మీద పడుకుని సంతోషంతో నవ్వింది, బిడ్డ ఎంత నచ్చినాడో దానికి అర్థమైంది గనక. నువ్వు పుట్టినప్పుడు అంతకంటే పెద్ద తిట్టు తిట్టినాను, అది రాయకూడదు. కళ్ళెదుట మంచిది కనబడితే మంచిది అని మనం అంటామా? అంటే కన్ను తగలదా? ఎంత ముద్దొస్తే అంత తిడతాం. నీ ఆటని తిట్టినట్టు నేను ఈ జన్మలో దేన్నీ తిట్టలేదు. "తెలివి తగలెయ్య" అన్నాను. అంతకంటే మెప్పు నా దగ్గర ఏముంది? నువ్వు హైదరాబాదు వెళ్ళి మన తిట్లు మర్చిపోతే తప్పు నాదా?

ఇదే మాట మీ నానమ్మతో అన్నాను. "గుంటకి బాగున్నాదని ఒక్క ముక్క రాస్తే నీ మీసం ఊడిపోద్దా?" అని చెంబు ఎత్తి అడిగింది.

"రాస్తే కన్ను తగుల్తాది" అన్నాను.

"కన్ను తగలనేదు. నీ నోరు తగిల్నాది" అంది.

నేను కాగితం తీసి ఇది రాయడానికి కూర్చున్నాను.

ఇంకొకటి. చేతులు వణుకుతున్నాయని నువ్వు ఏడ్చినావట. నా చేతులు వణికితే నేను చొక్కా బొత్తాలు ఎలా పెట్టుకుంటాను? వణికింది రిమోట్. నువ్వు పెట్టిన వణుకే! దాన్ని నువ్వే మర్చిపోయినావా? శామ్ చెబుతాడు ఆ ఆటలో ఉరుముందని, వాన చప్పుడుందని, బండి కూత ఉందని. నాకు అవేవీ లేవు. నాకు ఉన్నదల్లా అరచేతుల్లో ఆ వణుకే. ముందు సన్నగా, చీమలు పాకినట్టు. తర్వాత ముంజేతుల దాకా. బండి ఇంకా కనబడకుండానే పట్టా మీద చెయ్యి పెడితే తెలుస్తుంది చూడు, అలా. చెవులు పోయిన తర్వాత బండి రావడం నాకు తెలిసింది మళ్ళీ ఇప్పుడే. దాన్ని తీసేసి నాకు మేలు చేశానని రాసినావు.

సరే. కన్ను తగిలితే తగిలింది, రాసేస్తున్నాను. బాగుంది. నీ నాలుగో గేటు చాలా బాగుంది. నేను వర్క్‌షాపులో పెద్ద పెద్ద ఇంజన్లు విప్పినాను, బిగించినాను. ఒక్క పసుపు చదరంలో ఇంజన్ని పెట్టొచ్చని నాకు తెలియదు. గోరంత చుక్క. దానికి చక్రాలు లేవు, పొగ లేదు, ఆకారమే లేదు. అయినా అది కనబడగానే ఇది ఇంజను, నా మీదికే వస్తోంది అని ఒళ్ళంతటికీ తెలిసిపోతుంది. ఆ క్షణంలో ఆ పిల్ల గాల్లో, కింద నది, నేను కుర్చీలో ఉన్నానని నాకు గుర్తుండదు. డెబ్బై ఆరేళ్ళు నిండినాయి, మోకాళ్ళు లేవవు, వినబడదు, నేను వాన చీకట్లో కూలే వంతెన మీద పరిగెడుతున్నాను. పడిపోతున్నాను. పడి లేస్తున్నాను. నేను వేళ్ళు కదపలేకపోయింది చేతకాక కాదు. చూడటం వదులుకోలేక. గెంతితే ఆ వెలుగు వెనక్కి పోతుంది కదా, ఇంకొక్క క్షణం చూద్దాం అని. అలా చూస్తూ చచ్చిపోయినా బాగానే ఉంది.

ఇది మనుషులు చేసే పనేనా అని అడిగినాను గుర్తుందా? నిజంగానే అడిగినాను. జవాబు ఇంకా నాకు తెలియదు.

నిలబడి ఎదురుచూసే ఇంజను మీదికి ఎక్కడం గెలుపు కాదు, భిక్ష. వీధిలో పంచిన రసగుల్లాలు ఎవరి నోట్లోంచీ వెనక్కి తీసుకోలేను. ఆ పరువు ఎలాగూ పోయింది. కానీ నీ ఆట పోకూడదు. కంపెనీ ఆయనతో నా మాటగా చెప్పు, విసుగు పుట్టేది పడినందుకు కాదు, పడనివ్వకపోతే. ఒప్పందం తాత మాట మీద అన్నావు. తాత మాట ఇదిగో, సంతకంతో సహా ఇస్తున్నాను. జెనీ ఒప్పుకోకపోతే శామ్ చేత దానికి ఫోన్ చేయించి అరిపిస్తాను.

ఈ ఉత్తరం చదివిన వెంటనే, నువ్వు పనిచేసే ఆ కంప్యూటర్‌కి ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో పడెయ్యి. జెనీని దాని పద్ధతిలో ప్రార్థన చేసుకోమను. ఇంత పచ్చిగా పొగిడిన తర్వాత ఊరుకోవడం మంచిది కాదు.

మీ అమ్మ చేత ఫోన్ చేయించు అంటావేమో. చేయించను. మధ్యలో వాళ్ళు చెప్పిన మాటల వల్లే ఇంతదాకా వచ్చింది. నువ్వు అప్పగించేది సోమవారం, పదిహేనున. అంతకు ముందు వచ్చే శుక్రవారం, పన్నెండో తేదీ, పొద్దున్న చా తాగి నేను పెట్టె పెడతాను. బండి వంతెన ఎక్కేసరికి నా చేతులు అదరాలి. వెనకనుంచి వంతెన కూలాలి. నేను నదిలో పడాలి.

పడనిస్తావా, పడనివ్వవా? పన్నెండో తేదీ లోపల తేల్చు.

తవిటయ్య